ఈశ్వర్రావు పికప్పులో లీకు

కాండ్రేగుల ఈశ్వర్రావు పాత పికప్పు నల్లపొగ కక్కడానికి కారణమైన గాలి లీకు, చాలా వెతుకులాట తర్వాత, ఈశ్వర్రావు నోట్లో దొరికింది. మెకానిక్ జిలానీ బండి కింద నుంచి బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుని, సంగతి చెప్పాడు. ఈశ్వర్రావు పెద్దగా ఆశ్చర్యపోలేదు. పంపు పోయిందంటాడేమోనని భయపడుతున్నవాడు, నోరే కదా అని కాస్త స్థిమితపడ్డాడు.

ఆ బండిలో ఇంజను పక్కన ఒక చిన్న పంపు ఉంటుంది. అది గొట్టాల్లో గాలిని లాగేసి ఖాళీ తయారుచేస్తుంది. ఆ ఖాళీ బలంతోనే బ్రేకు పెడలు మెత్తగా దిగుతుంది, పొగని అదుపుచేసే వాల్వు పనిచేస్తుంది. ఎక్కడైనా చిల్లుపడి బయటి గాలి దూరిందా, పెడలు బండరాయిలా బిగుసుకుంటుంది, వెనకాల వచ్చేవాడికి రోడ్డు కనపడదు. జిలానీ పద్ధతిగానే వెతికాడు. మీటరు తగిలించాడు. రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే పటకారుతో నొక్కి ముల్లు చూశాడు. గొట్టం ముక్క చెవికి ఆనించి బుస్సుమనే చప్పుడు కోసం ఇంజనంతా విన్నాడు. చిట్లినవి మార్చాడు. అన్నీ బాగున్నాయి, ముల్లు నిలబడింది. వెనకాల నిలబడ్డ ఈశ్వర్రావు ‘ఇంకెంతసేపు’ అనగానే పడిపోయింది.

జిలానీ తొందరపడే మనిషి కాదు. ఈశ్వర్రావుని టీ తాగి రమ్మని పంపాడు. ముల్లు కదల్లేదు. కాసేపటికి ఊగిసలాడి అడుగుకి దిగింది. వెళ్లి చూస్తే ఈశ్వర్రావు టీ కొట్లో పంచాయతీ కుళాయి గురించి ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నాడు. దూరంతో నిమిత్తం లేదని అప్పుడు తేలింది.

ఏ గొట్టం ఎందుకుందో తెలియకపోతే అందులో బోల్టు దూర్చి క్లిప్పు బిగించేయడం ఆ వరసలో షెడ్లన్నిటికీ అలవాటు. చాలా బళ్లు అలాగే తిరుగుతున్నాయి. జిలానీ ఒక్క క్షణం చేతిలో బోల్టు వైపు చూసి, దాన్ని డబ్బాలో వేసేశాడు.

“గొట్టమైతే బిగించేద్దును. ఇది నువ్వే మూసుకోవాలి, ఈశ్వర్రావు,” అన్నాడు.

లీకు నమోదు చేయించడానికి వెళ్తే రవాణా ఆఫీసులో ఎవరూ వింతపడలేదు. లీకు ఉన్న చోటు అనే గడిలో గుమాస్తా ‘యజమాని నోరు’ అని రాసి, ముద్ర వేసి, జిల్లాలో నోళ్లే ఎక్కువగా వస్తున్నాయనీ, ఈ మధ్య ఒక వ్యాను యజమానికి మోకాల్లో వచ్చిందనీ, పాపం ఆయన పట్టీ వేసుకుని తిరుగుతున్నాడనీ చెప్పాడు. పెట్రోలు బంకు దగ్గర పొగ పరీక్ష చేసే శేషగిరికి కూడా పనేం పెరగలేదు. ఇదివరకు పొగగొట్టంలో ఏమీ పెట్టకుండా నంబరు ప్లేటు ఫొటో తీసుకుని సర్టిఫికెట్టు ఇచ్చేవాడు. ఇప్పుడు ప్లేటు పక్కన యజమానిని నోరు మూసుకుని నిలబడమంటున్నాడు.

పూర్తిగా మూగబోవాలా అన్న సందేహం ఈశ్వర్రావుకి వచ్చింది. జిలానీ దయగలవాడు, మీటరు ముందు కూర్చోబెట్టి అదీ తేల్చాడు. దణ్ణాలూ కుశల ప్రశ్నలూ పర్వాలేదు. బేరాలాడితే ముల్లు కొంచెం వణికింది. ‘ఎందుకు’ అంటే సగానికి దిగింది. పైవాళ్లకి ఎదురుచెప్పే మాటైతే ఒకసారి పడిన ముల్లు మళ్లీ లేవకపోవచ్చన్నాడు. ‘అవునండి’ అంటే ఉన్నచోటు కన్నా పైకి లేచింది. ఆ మాట ఎన్నిసార్లన్నా బండికి మంచిదేనని జిలానీ చెప్పాడు. ఎప్పటికప్పుడు చూసుకోవడానికి వీలుగా మీటరుని స్టీరింగు పక్కన బిగించి ఇచ్చాడు.

ఇంతవరకూ ఇబ్బందేం లేదు. ఇబ్బందల్లా ఆ నెలలోనే వాళ్ల ఊరు తాళ్లవలసలో జరగబోయే ప్రజాభిప్రాయ సేకరణతో వచ్చింది. ఊరి పక్కనున్న రసాయనాల కంపెనీ రెండో పొగగొట్టం కట్టుకుంటానంది. మొదటిదాని పొగకే ఊళ్లో ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయి. ఈశ్వర్రావు కూతురు దేవికి ఆరేళ్లు, పుట్టినప్పుడు లేని ఆయాసం ఇప్పుడుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దళార్లతో నోరు పెట్టుకుని నెగ్గుకొచ్చేవాడు గనక, అధికారుల ముందు మాట్లాడాల్సింది ఈశ్వర్రావేనని ఊరంతా ఎప్పుడో ఒప్పుకుంది.

కానీ దేవికి ఊపిరాడనప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది ఆ పికప్పే. మధ్యలో కొండ రోడ్డు ఉంది. బ్రేకు లేకుండా ఆ వంపులు దిగడం కుదరదు. సర్టిఫికెట్టు లేకపోతే కొండ కింద చెక్‌పోస్టు దాటడం కుదరదు. ఈశ్వర్రావు ఈ విషయాన్ని భార్య నూకరత్నానికి తక్కువ మాటల్లో, ముల్లు పడిపోని మాటల్లో చెప్పాడు. ఆవిడ పిల్ల వీపు రాస్తూ అంతా విన్నది.

“నువ్వు మాటాడకపోతే మరెవులు మాటాడతారు?” అంది.

ఆ ప్రశ్నకి బండికి పనికొచ్చే జవాబు లేదు.

సేకరణ రోజున కంపెనీ షామియానా వేయించి, వచ్చినవాళ్లందరికీ మజ్జిగ ప్యాకెట్లు పంచింది. పెద్ద అధికారి మర్యాదస్తుడు. అభ్యంతరాలుంటే భయపడకుండా చెప్పమన్నాడు. ఊరంతా వెనక్కి తిరిగి ఈశ్వర్రావు వైపు చూసింది. అతనికి మాట వచ్చింది, గొంతుదాకా వచ్చింది. వేపచెట్టు కింద ఆపిన బండి వైపు చూశాడు. దేవిని ఒళ్లో పెట్టుకుని కొండ దిగుతున్న నూకరత్నం కళ్లముందు కనపడింది. అతన్ని పిరికివాడనడం తేలికే. ఎగశ్వాస పెడుతున్న పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపినవాళ్లు మాత్రం అంత తొందరగా అనరు. అధికారి మళ్లీ అడిగాడు. ఈశ్వర్రావు లేచి నిలబడి, దణ్ణం పెట్టి, కూర్చున్నాడు. చుట్టూ చూస్తే ఆటోలూ ట్రాక్టర్లూ ఉన్నవాళ్లందరి పెదాలూ అలాగే బిగుసుకుని ఉన్నాయి.

కంపెనీ ఇంజనీరు ఊళ్లో గాలి మెరుగుపడిందని చెప్పి, రుజువుగా ఈశ్వర్రావు పికప్పు సర్టిఫికెట్టు నకలు చదివాడు. అధికారి సంతోషించాడు. కంపెనీ పొగగొట్టం పరీక్షలో ఎప్పుడూ తప్పలేదట. దాని యజమానులు ఊరి మొహం చూడరు, ఎవరితోనూ మాట్లాడరు గనక అందులో లీకు దొరికే అవకాశమే లేదు. అభ్యంతరాలు లేవని రాసుకుని అందరూ భోజనానికి లేచారు.

కంపెనీ రెండో గొట్టం కూడా పొగ వదలడం మొదలెట్టిన కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం దేవికి ఊపిరాడలేదు. నూకరత్నం పిల్లని ఎత్తుకుని బండెక్కింది. ఈశ్వర్రావు ఏమీ మాట్లాడకుండా స్టార్టు చేశాడు. పెడలు మెత్తగా ఉంది, వెనకాల పొగ లేదు. మూసుకున్న నోటివల్ల దక్కాల్సినవన్నీ దక్కినందుకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

కొండ దిగడం మొదలయ్యాక దేవి దగ్గింది. ముల్లు సగానికి పడింది.

ఈశ్వర్రావు కాలి కింద పెడలు బిగుసుకుంది. పిల్ల మళ్లీ దగ్గింది. బండి జోరందుకుంది, అద్దంలో నల్లపొగ కనపడింది. ఆఫీసులో చెబితే గడిలో ‘కుటుంబ సభ్యుల నోరు’ అని చేర్చుకుంటారు, అందులో వింతేం లేదు. కానీ ఆఫీసు దూరం, ముందున్న వంపు దగ్గర. ఈశ్వర్రావు ఎడంచెయ్యి స్టీరింగు మీంచి తీసి, కూతురి వైపు తిరిగి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

దేవి తెలివైన పిల్ల. రెండు చేతులతో నోరు మూసుకుంది. మొహం ఎర్రబడింది, కళ్ల నిండా నీళ్లొచ్చాయి, గుండె లోపల దగ్గు ఎగిరెగిరి పడింది. ముల్లు మెల్లగా లేచింది. పెడలు దిగింది, బండి చక్కగా వంపు తిరిగింది.

నూకరత్నం పిల్ల చేతుల మీద తన చెయ్యి కూడా వేసి అదిమి పట్టుకుంది.