తోడు మనుషులు

బుధవారం పొద్దున వర్షిత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక్క రోగి కథ వినాలి, రాయాలి, ఒంటిగంటలోగా శిక్షణ చూసే సీనియర్ సైకాలజిస్ట్ మదన్‌మోహన్ సార్ ముందు పెట్టి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకోవాలి. జహీరాబాద్ బైపాస్ పక్కనున్న ఆ మానసిక వైద్యశాలలో ఆమె సైకాలజీ ఇంటర్న్‌గా చేరి మూడు వారాలైంది. మొదటి వారం రోగులకు ఓపీ చిట్టీలు రాసే కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు, తర్వాతి రెండు వారాలూ సార్ వెనకాల నిలబెట్టారు. సంతకాల గడిలో ఇప్పటిదాకా ఒక్క గీతా పడలేదు. ఈరోజూ పడకపోతే శిక్షణ ఇంకో నెల పొడిగిస్తామని సార్ ముందే చెప్పేశారు. తోటి ఇంటర్న్ సృజన్‌దీ అదే గతి. ఇద్దరికీ కలిపి ఒక్క కేసు ఇచ్చారు.

"ముందు పేషెంట్ ఎవరో తేల్చుకోండి. మిగతాదంతా తర్వాత," అని సార్ వార్డులోకి వెళ్లిపోయారు.

ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. ఎమ్మెస్సీ చదివినవాళ్లకు చెప్పాల్సిన మాటేనా అది?

పదిన్నరకు వర్షిత చేతిలోని చిట్టీ చూసి పేరూ ఊరూ కలిపి "నాగరాణి, న్యాల్‌కల్!" అని పిలిచింది. బెంచీ మీది నుంచి ముగ్గురు లేచారు. ముందు ఒకామె, నలభైకి అటూ ఇటూ ఉంటుంది, చేతిలో టిఫిన్ డబ్బా సంచి. వెనక ఆమె భర్త నర్సప్ప, ఆమె తమ్ముడు దేవరాజ్, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నిలబడ్డారు. బావాబామ్మర్దుల మధ్య ఇంత ప్రేమా అని వర్షిత ముచ్చటపడింది. ఎదుటివాడు పారిపోకుండా ఎవరికి వారు పట్టుకున్నారని అప్పటికి ఆమెకు తెలియదు.

"పేషెంట్ ఎవరు?" అని అడిగింది.

నాగరాణి నోరు తెరిచేలోపు "నేను చెప్త," అంటూ నర్సప్ప అడ్డం వచ్చి, వర్షితను తలుపు చాటుకు పిలిచాడు.

"మేడం, జర మెల్లగ మాట్లాడున్రి. చిట్టీ నా పెండ్లాం పేరు మీద రాయించినం గని పేషెంట్ మా బామ్మర్ది. ఆని పేరు రాస్తే గేటు కాడికెల్లే ఉరుకుతుండె. నాకు నిద్ర పడ్తలేదు, తోడు రా అని చెప్పి తెచ్చిన. గిట్ల చెయ్యమని నాగరాణే చెప్పింది. ఆన్ని అడిగితే నాకే పిచ్చి అంటడు. నమ్మకున్రి."

వర్షితకు ప్రాణం లేచొచ్చింది. తనకు జబ్బే లేదనే రోగి గురించి ఆమె పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. పైగా పరీక్షలో అదే వచ్చింది. నర్సప్పను రెండో గదిలో కూర్చోబెట్టి కాగితాలు తీసింది.

అదే సమయానికి వరండా ఆ చివర దేవరాజ్ సృజన్ చెవిలో చెబుతున్నాడు. "సార్, పేషెంట్ మా బావ. నిద్ర పడ్తలేదని ఆయనే ఒప్పుకున్నడు. గని ఈడికొచ్చినంక మాట మారుస్తడు, పేషెంట్ నేనే అంటడు. అక్క ముందే చెప్పింది. మీరు సరే సరే అనున్రి, నమ్మకున్రి."

సృజన్ అతన్ని మూడో గదిలోకి తీసుకుపోయాడు. నాగరాణి చిట్టీ వైపు చూపిస్తూ ఏదో అనబోతే, "మీరు కూర్చోండమ్మా, అవసరమైతే పిలుస్తాం," అని ఇద్దరు ఇంటర్న్‌లూ చెరోసారి చెప్పారు. ఆమె కూర్చుంది.

గంటలో రెండు గదుల్లోనూ నాలుగేసి పేజీలు నిండాయి. బామ్మర్ది చెరుకు తోటలో ఒక్కడే మాట్లాడుకుంటూ తిరుగుతాడని నర్సప్ప చెప్పాడు. "చెవుల ఏందో పెట్టుకుంటడు మేడం, ఇగ మొదలు. నవ్వుతడు, తిడ్తడు, మల్ల నవ్వుతడు." బావ అల్లం మడి చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టించాడని దేవరాజ్ చెప్పాడు. "దినమంత ఫోన్ల గదే చూస్తడు సార్. ఒకనాడు అండ్ల నేను కనవడ్డ. ఎందుకొచ్చినవని నెల దినాలు అడిగిండు."

పదకొండున్నరకు ఇంటర్న్‌లు వరండాలో ఎదురుపడి ఫైళ్లు మార్చుకున్నారు.

"నా పేషెంట్ ఇచ్చిన సమాచారమా నువ్వు రాసింది?" అన్నాడు సృజన్.

"నీ పేషెంట్ ఎవరు? నాకు సమాచారం ఇచ్చింది ఆయన!" అంది వర్షిత.

సంతకం తానొక్కడే కొట్టేయాలని సృజన్ ఎత్తు వేశాడేమోనని వర్షితకు అనుమానం. సృజన్ చూపు చూస్తే అతనికీ అదే అనుమానం ఉన్నట్టుంది. చివరికి మనుషులను మార్చుకుని పరీక్ష పెడదామని ఒప్పందానికి వచ్చారు.

"వందలో నుంచి ఏడు తీసేస్తే ఎంత?" అని సృజన్ నర్సప్పను అడిగాడు.

"ఏం వంద?"

"ఊరికే, వంద అనుకోండి."

"ఊరికే వంద ఏడికెల్లొస్తది? ఏడు ఎవలు తీసిన్రు?"

'అనుమానం: చాలా ఎక్కువ' అని సృజన్ రాసుకున్నాడు. అవతలి గదిలో దేవరాజ్ తొంభై మూడు, ఎనభై ఆరు అంటూ మొదలుపెట్టి, చాలు అన్నా వినకుండా రెండు దాకా దిగాడు. 'ఆపమన్నా ఆగడు' అని వర్షిత రాసుకుంది. మళ్లీ ఇద్దరూ సమానమే అయ్యారు.

ఇక మూడో మనిషిని అడగడం తప్ప దారి లేదు. మూడో మనిషి ఎదురుగా బెంచీ మీదే ఉంది. కానీ ఇద్దరికీ నూరిపోసింది ఆమేనట, అలాంటామె మాటను ఎలా నమ్మడం? అందుకని ఊళ్లో ఉన్న నర్సప్ప తల్లి బస్వమ్మకు ఫోన్ చేశారు.

"అమ్మా, మీ ఇంట్లో ఎవరికి బాగలేదు?" అని వర్షిత అడిగింది.

"బాగున్నరని ఎవలన్నరు?" అంది బస్వమ్మ. "ఇద్దర్ని ఆడనే ఉంచుకోన్రి. కోడల్ని మాత్రం జల్ది పంపున్రి బిడ్డా. బర్రెలకు నీళ్లు పెట్టేటోళ్లు లేరు."

పన్నెండయింది. మనుషులు కాస్త నెమ్మదిస్తే నిజం బయటపడుతుందని సృజన్ రెండు చాయ్‌లు తెప్పించి, బావాబామ్మర్దులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మందు వేసుకోనని మొండికేసే రోగులకు చాయ్‌లో గోలీ కలిపి ఇవ్వడం ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు.

"తాగు బావా," అన్నాడు దేవరాజ్ ప్రేమగా.

"నువ్వు తాగు ముందుగాల," అన్నాడు నర్సప్ప అంతకన్నా ప్రేమగా, తన గ్లాసు అటు జరిపి అతని గ్లాసు ఇటు లాక్కుంటూ.

దేవరాజ్ మళ్లీ మార్చాడు. నర్సప్ప మళ్లీ మార్చాడు. నాలుగోసారికి ఏ గ్లాసు ఎవరిదో ఇద్దరూ మరిచిపోయారు, ఇక ఎవరూ తాగలేదు. ఎందుకైనా మంచిదని సృజన్ సెక్యూరిటీ రామ్‌కిషన్‌ను పిలిచి తలుపు దగ్గర నిలబెట్టాడు. రామ్‌కిషన్ సోమవారమే ఉద్యోగంలో చేరాడు. పేషెంట్ ఎవరో అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్లకు తెలిస్తే కదా.

తలుపు దగ్గర కాపలా నర్సప్ప కంటపడింది. తననే ఉంచేసుకుంటున్నారనుకుని లేచాడు. బావ పారిపోతున్నాడనుకుని దేవరాజ్ అతని నడుం పట్టుకున్నాడు. "పట్టుకోన్రి! గీనికే పిచ్చి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. విడిపించబోయిన సృజన్ మెడలోని గుర్తింపు కార్డు తెగి ఎక్కడో పడింది. రామ్‌కిషన్ ఆలోచించుకునే మనిషి కాడు. ముగ్గురినీ గోడకు ఒత్తి పట్టాడు.

"నేను తోడొచ్చిన!" అన్నాడు నర్సప్ప.

"తోడొచ్చింది నేను!" అన్నాడు దేవరాజ్.

"నేను ఇంటర్న్‌ని!" అన్నాడు సృజన్.

"అందరు గట్లనే అంటరు. ఫికర్ చెయ్యకున్రి, డాక్టర్ వస్తడు," అన్నాడు రామ్‌కిషన్ ఎంతో దయగా.

వచ్చింది మదన్‌మోహన్ సార్. టైం పావు తక్కువ ఒకటి. గోడకు అతుక్కుపోయిన ముగ్గురినీ చూశారు, ఎనిమిది పేజీలు పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడ్డ వర్షితను చూశారు. పేజీలు తీసుకోకుండా చిట్టీ అడిగి తీసుకున్నారు.

"నాగరాణి ఎక్కడ?"

"ఆమె ఊరికే తోడుకు వచ్చింది సార్. పేరు మాత్రమే ఆమెది," అంది వర్షిత.

నాగరాణి బల్ల దగ్గర కూర్చుని ఉంది. వదిలేసిన రెండు చాయ్‌లూ ఆమే తాగేసింది.

"ఏమ్మా, ఎవరికి బాగలేదు?" అని సార్ అడిగారు.

"నాకే సార్," అందామె.

గోడ దగ్గర పెనుగులాట ఆగిపోయింది.

"మూడు నెలలాయె కండ్ల మీదికి నిద్ర రాక. పొయ్యి కాడ కూసుంటే ఏడుపొస్తది, ఎందుకొస్తదో తెల్వది. మొన్న బాయి గడ్డ మీద చానసేపు నిలవడ్డ సార్. నాకే భయమైంది."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్పిన. పనెక్కువైతే గట్లనే ఉంటదన్నడు ఈయన. రెండు శనివారాలు ఉపాసముండు అన్నడు తమ్ముడు. ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చిన గప్పుడు. గీ మేడమే చిట్టీల కాడ ఉండె. తోడు మనిషి లేకుంటే చిట్టీ రాసేది లేదన్నది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతోంది. "నా కోసమంటే ఇద్దర్ల ఒక్కడు గూడ రాడు సార్. ఒకని పిచ్చి ఇంకొకనికి చూపెడ్తనంటే ఇద్దరు పనులిడిసి వచ్చిన్రు."

వర్షితకు ఆ మొహం గుర్తు రాలేదు. ఆ మాట మాత్రం గుర్తుంది. ఆ వారమంతా కౌంటర్‌లో రోజుకు పదిమందికైనా చెప్పి ఉంటుంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఈవిడ ఆరోజు అటునుంచి అటే బావి దగ్గరికి పోయి ఉంటే? లాగ్‌బుక్ సంగతి ఆ క్షణంలో నిజంగానే మరిచిపోయింది.

ఎనిమిది పేజీలూ పక్కన పడేసి, కొత్త కాగితం తీసుకుని, నాగరాణిని రెండో గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. ఒక్క ప్రశ్న అడిగి ముప్పావుగంట విన్నది. తర్వాత సారే దగ్గరుండి డాక్టర్‌కు చూపించి మందులు ఇప్పించారు. ఒంటిగంట ఎప్పుడో దాటిపోయినా సంతకం పెట్టారు. పెట్టేముందు కౌంటర్ దగ్గరి 'తోడు మనిషి తప్పనిసరి' కాగితాన్ని వర్షిత చేతనే చింపించారు.

వెళ్లేముందు నర్సప్ప మెల్లగా వర్షిత పక్కకు వచ్చాడు. భార్య సంచి ఇప్పుడు అతని చేతిలో ఉంది, కళ్లు కాస్త తడిగా ఉన్నాయి. "మేడం, మా ఆమెను మంచిగ చూసిన్రు, సంతోషం. మరి మా బామ్మర్దికి ఏం రాసిన్రు?"

వరండా ఆ చివర దేవరాజ్ సృజన్ చెవిలో అదే అడుగుతున్నాడు.

మదన్‌మోహన్ సార్ నాగరాణి చిట్టీ వెనక్కి తీసుకుని, వచ్చే బుధవారం తేదీ కింద ఎర్ర ఇంకుతో ఒక్క ముక్క చేర్చారు: తోడు మనుషులు వద్దు.