బుదిమిర్ లేని బ్యాండు

ఇంటిని కాచే సాధువు పండుగ, స్లావా, నాటి పొద్దున మియొద్రాగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన పెరట్లో బుదిమిర్ ట్రంపెట్ మోగాలి. తన పెళ్ళికి వాయించిన ట్రంపెట్ అది. ఊళ్ళోని జోరా బ్యాండు నుంచి పాతవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకోగా, చివరికి బుదిమిర్ కూడా తప్పుకుని ఆయన చోటికి తియానా అనే పిల్ల వచ్చాక, మియొద్రాగ్ దాన్ని బ్యాండుగా లెక్కవేయడం మానేశాడు. "కళ్ళు మూసుకుని పోల్చుకుంటాను, ఆయన ఊదాడో ఆ పిల్ల ఊదిందో," అని సారాకొట్లో పందెం కూడా కాశాడు.

వంటింట్లో భార్య ల్యుబింకా, నిన్నటి నుంచి సన్నసెగ మీద ఉడుకుతున్న సార్మా కుండ మూత తీసింది. పులియబెట్టిన క్యాబేజీ ఆకుల్లో చుట్టిన బియ్యం, మాంసం వాసన వీధి చివరిదాకా పోయింది.

"ఇదీ పద్ధతంటే!" అన్నాడు మియొద్రాగ్ ఒకటి నోట్లో వేసుకుని. "అచ్చం మా అమ్మ చేసినట్టే. ఇన్నేళ్ళలో ఇసుమంతైనా మారలేదు. ఆ బ్యాండువాళ్ళకి ఈపాటి బుద్ధుంటేనా!"

"ఇవాళ బ్యాండు గోలెత్తావంటే గరిటె తిరగేస్తాను. వచ్చేవాళ్ళకి కాస్త మిగల్చవయ్యా!"

ఆవిడ కొవ్వొత్తి వెలిగించడానికి అటు తిరిగింది, ఆయన కుండలో చెయ్యి పెట్టాడు. కడుపు రాయిలా అయ్యాక మూలుగుతూ పడకగదిలోకి పోయి, ఆవిడ చెవిన పడకుండా దుప్పటి ముసుగులోంచి బుదిమిర్‌కి ఫోన్ చేశాడు.

"అన్నా... ఇవాళ మా ఇంటికి రా. నీ ట్రంపెట్ ఒక్కసారి వినాలి... పాతవాళ్ళందర్నీ తీసుకురా..."

అక్కడే కొంప మునిగింది. స్లావాకి ఎవరూ ఎవరినీ పిలవరు. రావలసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. బుద్ధెరిగాక బుదిమిర్‌ని ఫోన్ చేసి మరీ స్లావాకి రమ్మన్నవాడు లేడు. పైగా ఆ ఆయాసం, ఆ కడసారి కోరిక! "మియొద్రాగ్ ఇక దక్కడర్రా," అని ఆయన టోపీ వెతుక్కుంటూనే ఊరంతా చెప్పేశాడు.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు నల్లకోట్లు బారులు తీరాయి. బల్లమీద వెలుగుతున్న కొవ్వొత్తి, పక్కన తీపి గోధుమల గిన్నె. పండుగకీ అవే, చావుకీ అవే. చూసిన ప్రతివాళ్ళూ శిలువ గీసుకున్నారు. పడకగది తలుపు సందులోంచి మూలుగు వినిపిస్తోంది.

"ధైర్యం తెచ్చుకో తల్లీ," అంది పక్కింటి ముసలావిడ స్తమేనా. "ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు?"

"పెళ్ళయినప్పట్నుంచీ ఇంతే పిన్నీ," అంది ల్యుబింకా, ఉన్న సార్మా ఇంతమందికి ఎలా సరిపెట్టాలా అని చూస్తూ. "తిండి దగ్గర ఒళ్ళు తెలీదు."

పాత బ్యాండు వచ్చింది. సంగతి విని జోరా కొత్త బ్యాండూ వచ్చింది. స్లావా నాడు గడప తొక్కినవాణ్ణి పొమ్మనకూడదు గనక ల్యుబింకా పళ్ళు కొరుక్కుంటూ అందరికీ పళ్ళేలు పెట్టింది. ఆవిడ తిరిగి వంటింట్లోకి పోయేలోపే కిటికీ కింద శవయాత్ర పాట మొదలైంది.

కునుకులో ఉన్న మియొద్రాగ్ లేచి కూర్చున్నాడు. ట్రంపెట్ గుండె పిండేస్తోంది. పెళ్ళినాటి పెరడు కళ్ళముందు తిరిగి, ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. లోదుస్తులతోనే బయటికి పరిగెత్తాడు.

"అదీ! బుదిమిర్ అంటే బుదిమిర్! ఆ పిల్ల తలకిందులుగా తపస్సు చేసినా ఈ ఊపిరి వస్తుందా!"

స్తమేనా కెవ్వుమని గోధుమల గిన్నె జారవిడిచింది. పాట ఆగింది. కిటికీ కింద తియానా పెదాల మీంచి ట్రంపెట్ దించింది. వంటింటి గుమ్మంలో బుదిమిర్, రెండు చేతుల్లో పళ్ళెం, నోటినిండా సార్మా.

"నేనింకా ట్రంపెట్ పెట్టె తెరవనే లేదురా," అన్నాడు ఆయన గుటక వేసి. "అయినా చావనివాడివి ఫోనెందుకు చేశావు?"

పెరడంతా గొల్లున నవ్వింది. మియొద్రాగ్ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక భార్య వైపు తిరిగాడు.

"పోనీలే ల్యుబా. మనింట్లో సార్మా అయినా మారలేదు."

"ఎవరు చెప్పారు? మీ అమ్మ చనిపోయిన ఏడాదే మాంసం మార్చాను. తర్వాత బియ్యం. పోయినేడాది ఆకులు. మీ అమ్మది ఆ కుండొక్కటే మిగిలింది, దాని మూత కూడా కొత్తదే."

మియొద్రాగ్ ఆవిడ చేతిలోని ఆ మూత వంక చూసి, తియానాకి కుర్చీ వేసి, తనకీ ఓ పళ్ళెం పెట్టమన్నాడు.