కంపెనీ ఇచ్చిన గడ్డం

పెళ్లి చేసుకోబోయే అబ్బాయిలో కనీసం ఓ పదిహేను లోపాలైనా లేకపోతే ఆ సంబంధం వదులుకోండి. అమ్మాయిల మేలు కోరి చెబుతున్న మాట ఇది!

అన్నీ సక్రమంగా ఉన్న మగవాడితో ఆడపిల్ల ఏం చేసుకోవాలి? వేళకు వస్తాడు, తలుపు చప్పుడు కాకుండా వేస్తాడు, తిన్న కంచం తనే కడుగుతాడు. ఇక ఈమె పొద్దున్నే లేచి దేనికోసం బతకాలి? అమ్మకు ఫోన్ చేసి ఏం చెప్పుకోవాలి? బస్సులో పక్క సీటావిడ "మీ ఆయన ఎట్లాంటోడు?" అని అడిగితే "మంచోడు" అని ఒక్క ముక్క చెప్పి, మదనపల్లె నుంచి పుంగనూరు దాకా కిటికీలోంచి టమాటా తోటలు చూస్తూ కూర్చోవాలా?

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో శాలిని అని ఒక నర్సు ఉంది. వాళ్లాయన చెప్పకుండానే గ్యాసు సిలిండరు బుక్ చేస్తాడట. మధ్యాహ్నం భోజనాల దగ్గర మిగతా నర్సులంతా మొగుళ్ల మీద గంటసేపు మాట్లాడుకుంటుంటే, పాపం, ఆమె తలవంచుకుని చారన్నం తిని లేచిపోతుంది. ఏం జీవితం అది!

అదే ఆసుపత్రిలో పనిచేసే షారోన్‌కు ఆ దురదృష్టం లేదు. ఆమెకు సాగర్ దొరికాడు.

పుంగనూరులో డ్రిప్పు పైపుల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. బైకు వెనక పైపుల చుట్ట కట్టుకుని తంబళ్లపల్లె వైపు పోతూ ఓ మలుపులో పడ్డాడు. కనుబొమ మీద నాలుగు కుట్లు. డాక్టరు కుట్లు వేస్తున్నంతసేపూ "తల కదిలించొద్దు" అని షారోన్ పక్కనుంచి చెప్పింది. కదిలించలేదు. డాక్టరు వెళ్లిపోయాక కూడా కదిలించలేదు. పావుగంట తర్వాత ఆమె వచ్చి చూస్తే బల్ల మీద అట్లాగే పడుకుని ఉన్నాడు.

"అయిపోయింది గదా, లేసి పోవచ్చు," అంది.

"మీరు చెప్పలేదు గదా," అన్నాడు.

అంత మాట వినే మగవాణ్ని ఆమె అంతవరకూ చూసి ఎరగదు. ఇంట్లో నాన్న జాకబ్ ఉన్నాడు. ఆయన్ని ఫ్యాను ఆపమంటే లైటు ఆపి, తిట్టింది తన్నేనా అని వెనక్కి తిరిగి చూస్తాడు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకు సాగర్‌ను చూడగానే మనసు పోవడంలో వింతేముంది?

అక్కణ్నుంచి రెండేళ్లు అతణ్ని బాగుచేసే పని సాగింది. ప్రతి మంగళవారం మదనపల్లె బస్టాండు పక్క బేకరీలో కలుసుకునేవారు. మధ్యలో ఒక దిల్‌పసంద్ ముక్క, షారోన్ చేతిలో ఒక చిన్న నోటుబుక్కు. వార్డులో మంచం చివర వేలాడే చార్టు ఉంటుంది కదా, అదే పద్ధతి. ఎడమ పక్క లోపం, కుడి పక్క తేదీ, చివర గుణం కనబడిందా లేదా.

టీ జుర్రుమని తాగడం మూడు వారాల్లో తగ్గింది. హెల్మెట్‌లో ఫోన్ దోపుకుని బండి నడపడం ఒక్కరోజులో పోయింది, కుట్ల ఫొటో చూపించిందంతే. చొక్కా జేబులో మూడు పెన్నులు ఒకటికి దిగాయి. చర్చిలో కునుకు అదుపులో ఉంది. 'నీ ఇష్టం' అనే జబ్బు మాత్రం ఏ మందుకూ కదల్లేదు.

ఏ సినిమాకు పోదాం? నీ ఇష్టం. పఫ్ తింటావా, బన్ను తింటావా? నీ ఇష్టం. అసలు నీకేమిష్టం అని గట్టిగా అడిగితే, కష్టమైన లెక్క ఇచ్చినట్టు రెండు నిమిషాలు ఆలోచించి, "నీకేది ఇష్టమైతే అది" అనేవాడు. షారోన్ దాన్ని మొదట లోపాల్లో రాసుకుంది. తర్వాత కొట్టేసి, వెనక పేజీలో మంచి గుణాల కింద రాసుకుంది. అంతగా ప్రేమించేవాడు ఇంకెవరికి దొరుకుతాడు, మీరే చెప్పండి?

పేచీ అంతా శనివారాలతోనే. శనివారమయితే అతను కుప్పం వెళ్లేవాడు. అక్కడ అమ్మ రెజీనా ఉంది, రిటైరయిన టీచరు. ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని దిద్దిన చెయ్యి. బడిపిల్లలంతా పెద్దవాళ్లయి ఎటు వాళ్లు అటు వెళ్లిపోయారు. చేతికింద ఒక్కడే మిగిలాడు.

మదనపల్లె సాగర్ బస్సెక్కితే, సోమవారం కుప్పం సాగర్ దిగేవాడు. షారోన్ నూనె మాన్పించిన తల, కొబ్బరినూనెతో నిగనిగలాడుతూ ఎడమ పాపిడి తీసుకుని తిరిగొచ్చేది. ఆమె పెంచమన్న గడ్డం అక్కడ రాలిపోయేది. ఆమె టక్ చేయించిన చొక్కా, గంజి పెట్టించుకుని ప్యాంటు బయట నిలబడేది. మంగళవారం ఈమె మళ్లీ మొదటి పేజీ తిప్పేది. ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒక మనిషి మీద వారం వారం ఇలా ఉత్తరాలు రాసుకోవడం ఎక్కడైనా విన్నారా? ఎంత ముచ్చట!

"మీ అమ్మ ఏమీ అడగలేదా?" అంది షారోన్ ఒకసారి.

"అడిగింది."

"ఏమని చెప్పినావు?"

"కంపెనీలో ఇచ్చినారని చెప్పినా."

నీలం చొక్కా కంపెనీ ఇచ్చింది. క్యారెట్ ముక్కలు పెట్టిన టిఫిన్ డబ్బా కంపెనీ ఇచ్చింది. "గడ్డం గూడా కంపెనీదేనా నాయినా?" అని అడిగిందట రెజీనా టీచరు. అవునన్నాడట.

డబ్బా మాత్రం ఖాళీగా తిరిగొచ్చేది కాదు. మన ఇళ్లల్లో ఎవరి గిన్నెనూ ఖాళీగా పంపరు కదా, నిండా మురుకులు వచ్చేవి. డ్రిప్పు పైపుల కంపెనీకి ప్రతి వారం మురుకులు పంపడం ఏమిటని ఆవిడకు తోచలేదా అని షారోన్‌కు అప్పుడప్పుడూ అనిపించేది. అనిపించినప్పుడు ఒక మురుకు కొరికేది.

చిక్కు పెళ్లి దగ్గర వచ్చింది.

జాకబ్ ఒప్పుకున్నాడు. ఇక చర్చిలో మూడు ఆదివారాలు వరసగా ప్రకటన చదవాలి, ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరాలుంటే తెలపండి అని. అందుకు అబ్బాయీ అమ్మాయీ చెరో ఉత్తరం సొంత చేతిరాతతో రాసి చర్చి పాస్టరు అయ్యగారికి ముందే ఇవ్వాలి. షారోన్ డిసెంబరు మొదట్లోనే ఇచ్చేసింది. సాగర్ ఉత్తరం రాలేదు. రావాలంటే ముందు అమ్మకు చెప్పాలి.

"చెప్తాలే. అమ్మకు బీపీ ఉండాది, టైము చూసి చెప్తా."

బీపీ అంటే నర్సు భయపడుతుందా? మిషను కొని పంపింది. అది కూడా కంపెనీ ఇచ్చిందని చెప్పి, సాగర్ ఆరు వారాలు అంకెలు రాసుకొచ్చాడు. నూట ఇరవై, ఎనభై. నూట పద్దెనిమిది, డెబ్బై ఎనిమిది. అంత చక్కని బీపీ ఆసుపత్రిలో ఒక్క డాక్టరుకు కూడా లేదు.

"ఇంక యాల చెప్పలా?"

"బాగుండే బీపీని మళ్లా మనమే పెంచడమెందుకని."

జనవరి చివరికొచ్చింది. ఈస్టర్‌కు ముందొచ్చే నలభై ఉపవాస దినాలు, శ్రమదినాలు, మొదలైతే చర్చిలో పెళ్లిళ్లు చెయ్యరు. ఈ ఆదివారం మొదటి ప్రకటన పడకపోతే ఇక ఈస్టర్ దాటాలి. ఈస్టర్ దాటాక దాటడానికి ఇంకొకటి దొరక్కపోదు. షారోన్‌కు సాగర్ కావాలి, అందులో ఆమెకు అనుమానం లేదు. అతనికి తను కావాలో లేదో మాత్రం తెలియదు. రెండేళ్లలో ఆమె అడిగిన ప్రతి పనీ చేశాడు. అడగని పని ఒక్కటీ చెయ్యలేదు.

మంగళవారం బేకరీలో చెప్పేసింది. "శనివారం సాయంత్రం ఆరుకి చర్చి ఆఫీసు మూస్తారు. అంతలోపల లెటరు తే. లేదంటే వచ్చే మంగళవారం నించి ఈడికి రావాకు."

"సరే," అన్నాడు. తెస్తాననా, రాననా? అది కూడా ఆమే తేల్చుకోవాలి కాబోలు.

శుక్రవారం సాయంత్రమే కుప్పం పోయాడు. శనివారం ఒంటిగంటకు ఆసుపత్రి గేటు లోపల సిమెంటు బెంచీ మీద కనబడ్డాడు. ఒళ్లో డబ్బా, చేతిలో కవరు. రెండింటికి షారోన్ డ్యూటీ. నిలబడే కవరు విప్పింది.

ఉత్తరం ఎంత బాగుందని! ఎడమ పక్క మార్జిను గీత, గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. 'మా పెద్దల సంపూర్ణ సమ్మతితో' అని కూడా ఉంది. కింద సాగర్ సంతకం.

"ఎవురు రాసినారు ఇది?"

"మా అమ్మ."

"నువ్వు ఏమని చెప్పినావు ఆమెకు?"

"నేనేం చెప్పలా. చెప్పులు ఇడుస్తాండగానే, ఆ కంపెనీలో పాప పేరేమని అడిగింది. షారోన్ అన్నా. నర్సు గదా అనింది. బీపీ మిషన్ వచ్చిననాడే తెలిసిందంట. సంతకం పెట్టమనింది, పెట్టినా."

"అంతేనా?"

"అంతే. యా గొడవా లేకుండా అయిపాయ." అతని మొహం వెలిగిపోతోంది.

కవరులో ఇంకో కాగితం ఉంది, ఆమె పేరు మీద. 'అమ్మా షారోన్, నీకు నా ఆశీస్సులు. నేను చేయగలిగినంత చేశాను. మిగిలినవి ఇవి' అని, కింద వరసగా రాసి ఉంది. గోళ్లు కొరుకుతాడు. అడగందే ఆకలని చెప్పడు. కొత్తవాళ్ల దగ్గర నోరు విప్పడు, మనమే మాట్లాడాలి. కోపమొస్తే బయటపడడు, రెండు రోజులు పెరుగన్నం ముట్టడు, దాన్నిబట్టి తెలుసుకోవాలి. ఇకమీదట నీకు అప్పగిస్తున్నాను.

ఇలాంటి కాగితం షారోన్ రోజూ చదువుతుంది. ఒక షిఫ్టు నర్సు దిగిపోతూ, ఎక్కే నర్సుకు రోగుల్ని అప్పజెప్పేటప్పుడు సరిగ్గా ఇలాగే రాస్తుంది. పడక నెంబరొక్కటే తక్కువ. అయితే వార్డులో ఎనిమిదయ్యేసరికి ఇంకొకరు వచ్చి తీసుకుంటారు. దీంట్లో తన తర్వాత ఎవరొస్తారో ఎంత వెతికినా ఆమెకు కనబడలేదు.

ఇంకొకరైతే ఏం చేసేవారు? అత్తగారు ఒప్పుకుంది, ఉత్తరం చేతిలో ఉంది, చర్చి పక్క వీధిలోనే ఉంది. పరిగెత్తి ఇచ్చేసి వచ్చేవారు. షారోన్‌కు ఏం పుట్టిందో, ఆ ఉత్తరాన్ని మడిచి అతని జేబులో పెట్టేసింది. నోటుబుక్కులోంచి ఒక ఖాళీ కాగితం చింపి ఇచ్చింది.

"అయ్యగారు సొంత చేతిరాత అన్నారు."

సాగర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమని రాయాల?"

మొత్తం ఉత్తరం ఆమె నాలుక మీదే ఉంది, మొదటి మాట నుంచి చివరి చుక్క దాకా. పెదవి కొరుక్కుంది.

"నాకు తెలీదు."

"నువ్వు చెప్తాండు, నేను రాస్తా."

"నీ మనసులో ఏముండాదో నాకెట్ల తెలుస్తాది సాగర్? రెండేండ్లుగా చూస్తాండా. తెలీలా."

మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆడవాళ్ల వార్డు కిటికీలోంచి బెంచీ కనబడుతుంది. మూడింటికి చూస్తే కూర్చునే ఉన్నాడు. మూడున్నరకు పెన్ను మూత తీశాడు. నాలుగింటికి మూత పెట్టేశాడు. రెండు నిమిషాలు కిందికి దిగితే చాలు, పని అయిపోతుంది. ఆమె కాలు మూడుసార్లు మెట్ల దాకా వెళ్లి వచ్చింది. సెలైను బాటిల్ మారుస్తుండగా కింద మాటలు వినబడ్డాయి. సాగర్ గేటు దగ్గర వాచ్‌మన్ మునెయ్యను పట్టుకున్నాడు.

"మునెయ్యన్నా, పెండ్లి చేసుకోవాలంటే ఏమని రాస్తారు?"

"నన్నడగబాకప్పా. నాకు పెండ్లయ్యి ముప్పై ఏండ్లాయ, యాల చేసుకుంటినో నాకే తెలీదు. మా చెంగమ్మనడుగు, అట్లాంటివన్నీ ఆమే సూసుకుంటాది."

అయిదింటికి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. చర్చికి పోయాడో, బస్టాండుకే పోయాడో. షారోన్ ఒకే పేషెంటుకు రెండుసార్లు జ్వరం చూసింది.

అయిదున్నరకు విక్టర్ అయ్యగారు వార్డులో ప్రార్థనకు వచ్చారు. ప్రతి సాయంత్రం వచ్చేవారే. ఇవాళ ఆయన చేతిలో బైబిలుతో పాటు ఒక కాగితం కూడా ఉంది.

"అమ్మా షారోన్, మీ అబ్బాయి ఇచ్చినాడు. ఇచ్చి, కింద గేటు కాడే కూర్చోనుండాడు. ఇట్లా రాస్తే ఎట్లమ్మా? దీనికొక పద్ధతుండాది గదా. పెద్దల పేర్లు లేవు, సంఘం పేరు లేదు. కొంచెం సరిచేసియ్యి, రేపు చదివేస్తా." పెన్ను తీసి ఆమె ముందు పెట్టారు.

షారోన్ కాగితం అందుకుంది. మార్జిను లేదు, గీతలు కొండెక్కి దిగుతున్నాయి.

'అయ్యగారికి. షారోన్‌ను నేను పెండ్లి చేసుకుంటా. ఆమె చెప్పిందని కాదు. మా అమ్మ ఒప్పుకునిందని కాదు. నాకు కావాల. ఇది నాకు ముందే తెలుసు, అయితే అందరూ నా బదులు మాట్లాడతాండారు గదా అని ఊరికే ఉంటి. అది తప్పు. ఇంకొకటి, పెండ్లికి నేను సూటు ఎయ్యను. ఉడుకు. సాగర్.'

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడ్డాయి.

"సూటు సంగతి తీసేయాల," అన్నారు అయ్యగారు.

"తీసేయాల్నంటే ఆయన్నే అడగండి అయ్యగారూ. కిందనే ఉండాడు గదా."

"ఆ పిల్లోడికేం తెలుస్తాదమ్మా. నువ్వయితే టక్కున రాసిస్తావు."

పిల్లోడి వయసు ఇరవై తొమ్మిది! చూశారా, ఈ పనిలో ఎంత గౌరవముందో? కన్నతల్లి పిలిచి అప్పగిస్తుంది, అయ్యగారు స్వయంగా పెన్ను తెచ్చి ఇస్తారు. ఇంతమంది ఆడదాని మీద ఇంత నమ్మకం పెట్టుకునే పని ఇంకొకటి ఉందా లోకంలో?

అంత గౌరవాన్నీ కాలదన్నుకుని షారోన్ కాగితం ఆయన చేతికే తిరిగిచ్చి, మందుల ట్రే తీసుకుని ఏడో పడక దగ్గరికి వెళ్లిపోయింది. అయ్యగారికి పెన్నూ కాగితమూ పట్టుకుని మెట్లు దిగక తప్పలేదు.