ఒట్మార్‌కు గుండెనొప్పి ఎలా వచ్చింది

అంబులెన్సులో వచ్చే డాక్టర్లకు మానసిక వైద్యం కూడా నేర్పాలట! జర్మనీలోని మా కాసెల్ ఊళ్ళో ఈమధ్య ఎవరిని కదిపినా ఇదే పాట. నేను ససేమిరా ఒప్పుకోను. వాళ్ళకది తెలియకపోవడం మన అదృష్టం. కావాలంటే మా పైఅంతస్తు ఒట్మార్ సంగతి వినండి.

ఒట్మార్ ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం, గోడల్లోంచి తన మీదికి కరెంటు వదులుతున్నారంటూ వంటగదిలో దూరి తలుపేసుకున్నాడు. భార్య గెర్లిండె హడలిపోయి, ఆయనకు మతి చెదిరిందని అంబులెన్సుకు ఫోన్ చేసింది.

డాక్టర్ వీబ్కె రెక్కలు కట్టుకుని వాలింది. ఆగిన గుండెను ఆడించగల పిల్ల. కానీ మూసిన తలుపుకు బీపీ ఎలా చూస్తుంది?

"గోడల్లో ఏమీ లేదండీ, తలుపు తీయండి" అంది.

"అయితే నువ్వూ వాళ్ళ మనిషివే" అన్నాడు ఒట్మార్.

దీనికి జవాబు ఆమెకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. పోలీసుల్ని పిలిపించింది.

ఇది అదృష్టం కాదా? ఎన్నడూ గడప దాటని ముసలివాళ్ళు సైతం కాఫీ కప్పులతో మెట్ల మీదికొచ్చారు. వాళ్ళందరి మధ్యనుంచీ ఒట్మార్‌ను బేడీలతో దించుకెళ్ళారు. మా భవనంలో ఇంత కలివిడి మునుపెన్నడూ లేదు!

ఆసుపత్రినుంచి తిరిగొచ్చాక అతను భార్యతో అన్నది ఒక్కటే మాట: "నన్ను దొంగలా పట్టించావు కదే." ఆ తర్వాత చాలాకాలం ఆమె చేతి కాఫీ ముట్టలేదు.

వసంతంలో గోడల్లోకి మళ్ళీ కరెంటొచ్చింది. ఒట్మార్ మంచం మూల ముడుచుకుని వణుకుతున్నాడు. గెర్లిండె నా ఎదుటే ఫోన్ తీసి, మా ఆయనకు గుండెనొప్పి అని చెప్పింది. నేను నోరు తెరవబోతే చూపుతోనే మూయించింది.

మళ్ళీ ఆ వీబ్కెయే వచ్చింది. ఈసారి మంచం మీద కూర్చుని అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఇ.సి.జి. తీగలు చూసి ఒట్మార్ బెదిరిపోయాడు.

"వీటిల్లోంచి కరెంటు వదలరు కదా?"

"వదలం. మీ గుండె ఏమంటోందో వింటాయి, అంతే. భయంగా ఉందా? నేనిక్కడే ఉంటాను."

కాసేపటికి అతను తనంతట తానే లేచి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. ఎవరూ తలుపు తీసి చూడలేదు.

చూశారా, మన డాక్టర్లకు అన్నీ తెలుసు. పక్కన కూర్చోవడం తెలుసు, నెమ్మదిగా మాట్లాడటం తెలుసు. జబ్బు పేరొక్కటే మనం సరిగ్గా చెప్పాలి. ఇంక కొత్త పాఠాలెందుకు, డబ్బు దండగ!

కాబట్టి పాఠకులారా, మీకు ఎప్పుడైనా మతి చెదిరితే, ఆ క్షణంలో మాత్రం కాస్త తెలివిగా ఆలోచించి, ఛాతీ పట్టుకోండి.