నువ్వులు చల్లిన నక్షత్రమండలం

ఆ పొద్దున బేకరీవాడు వేసుకున్న పథకం చాలా చిన్నది. బన్నులు కాల్చాలి, బ్రెడ్డు కోయాలి, ఇంటికెళ్ళి పడుకోవాలి. సంచిలో ఉన్న పుస్తకం జోలికి మాత్రం పోకూడదు. జోలికి పోకూడదనుకున్నవాడు దాన్ని సంచిలో వేసుకుని ఎందుకొచ్చాడయ్యా అంటే, ఆ ప్రశ్న అతన్నే అడగాలి.

అదొక అంతరిక్ష గాథకు రెండో భాగం. మొదటి భాగాన్ని పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాం కలిసి చదివారు. ఆవిడ పైకి చదివేది, ఇతను గోడకి కాళ్ళు తన్నిపెట్టి పడుకుని ఊ కొట్టేవాడు. చివర్లో నౌక నడిపే పిల్ల ఒక చీకటి గ్రహం వెనక చిక్కుకుపోయి, ఎక్కడో తిరుగుతున్న మొగుడి నౌకకి వెలుగుతో కబురు పంపుతుంది. అది చేరిందో లేదో చెప్పకుండా రచయిత పుస్తకం ముగించేసి, ఏళ్ళ తరబడి అజా పజా లేకుండా పోయాడు.

ఈలోగా బేకరీవాడికి తెల్లవారుజాము బట్టీ, నర్సయిన అతని భార్యకి రాత్రి డ్యూటీలు వచ్చిపడ్డాయి. ఒకరు లేచేవేళకి ఒకరు పడుకునే కాపురం అయింది. ఒకే మంచం మీద ఆవిడ వెచ్చదనం చల్లారకముందే ఇతను వాలేవాడు. ఆవిడ తలనూనె వాసనని పలకరించి నిద్రపోయేవాడు. ఇద్దరికీ కలిసొచ్చే సెలవు వారానికి ఒక్కటే.

ఇన్నేళ్ళకి బయటికొచ్చిన రెండో భాగం కొన్ననాడే ఆవిడ వేలు చూపించి చెప్పింది. "సెలవు రోజునే చదవాలి, ఇద్దరం కలిసే చదవాలి. ఒక్క పేజీ ముందుకెళ్ళావని తెలిసిందా, ఈ జన్మలో నీకు మళ్ళీ చదివిపెట్టను."

"నేనెందుకెళ్తానే! నువ్వు చదవకపోతే నాకు అక్షరాలే కనపడవు," అన్నాడు పెద్దమనిషి.

కనపడ్డాయి. బన్నులు పొంగేలోగా ఒక్క పేజీ అనుకున్నాడు. ఆ పేజీ చివర కబురందిన నౌక ఇటు తిరిగింది. అది తిరిగాక మనిషన్నవాడు ఆగగలడా? చదువుతూ చదువుతూ పక్కనున్న గిన్నెని మోచేత్తో నెట్టాడు. బన్నులకి పూయాల్సిన గుడ్డుసొన నక్షత్రమండలం నడిమధ్యకి పారింది.

తుడిస్తే అంటుకుంది, ఊదితే పాకింది. కాస్త వెచ్చబెడితే ఆరుతుందని పుస్తకాన్ని ట్రేలో విప్పిపెట్టి, బట్టీ పక్కనున్న పీట మీద ఉంచి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఆ బేకరీలో ఒక పద్ధతి ఉంది. పీట మీదకి వచ్చిన ట్రే ఏదైనా సరే, నువ్వులు చల్లి, బట్టీలోకి తోసెయ్యాలి. ఆ పద్ధతి పెట్టింది ఇతనే. దాన్ని తు.చ. తప్పకుండా పాటించేది ఇతని బావమరిది. పనిలో ఉన్నప్పుడు ఆ మహానుభావుడు ట్రేని చూస్తాడే తప్ప, ట్రేలో ఏముందో చూడడు.

బేకరీవాడు తిరిగొచ్చేసరికి పుస్తకం దోరగా కాలి, అద్దాల అలమారులో బన్నుల పక్కన కూర్చుని ఉంది. ముందు నిలబడి లెక్కల మాస్టారు లొట్టలేస్తున్నారు.

"ఈ కొత్తరకం పఫ్ ఏమిటయ్యా? పొరలు భలే విడిచాయి! ఇంటికి ఒకటి కట్టివ్వు."

"అది అమ్మేది కాదండీ!"

"అమ్మనిదాన్ని అలమారులో పెట్టి ఊరించడమెందుకు?" అని మాస్టారు అలిగి వెళ్ళిపోయారు.

"ఏంట్రా నువ్వు చేసింది?"

"పీట మీద పెట్టావుగా బావా!" అన్నాడు బావమరిది. "అక్కకి నువ్వులంటే ఇష్టమని పిడికెడు ఎక్కువే వేశాను."

బేకరీవాడు పుస్తకాల కొట్టుకి పరుగెత్తాడు. అన్నీ అమ్ముడుపోయాయన్నారు. లైబ్రరీకి పరుగెత్తాడు.

"ఉన్నదొకటే కాపీ," అంది లైబ్రరీ ఆవిడ. "ఒకావిడ పట్టుకెళ్ళింది. ఎప్పుడడిగినా ఇంకో నాలుగు పేజీలండీ అంటుంది."

"ఎంత స్వార్థమండీ! అలాంటి మనిషితో ఆ మొగుడెలా వేగుతున్నాడో!"

"పాపం, ఏ జన్మలో ఏం చేసుకున్నాడో!" అని ఆవిడ కూడా నిట్టూర్చింది.

సెలవు రోజు వచ్చేసింది. నువ్వులు గీకి, అంచులు కత్తిరించి, ఆ కాల్చిన గాథని దిండు పక్కన పెట్టాడు. ఏళ్ళుగా ఎదురుచూసిన గొంతు ఇవాళ్టితో ఆఖరేమోనని అతని భయం. భార్య పుస్తకం అందుకుంది, వాసన చూసింది, విచిత్రంగా ఏమీ అనలేదు. చదవడం మొదలుపెట్టింది.

ఎన్నాళ్ళకో ఆ గొంతు! కాళ్ళు గోడకి తన్నిపెట్టి ఊ కొట్టాడు. నౌక తిరిగింది, ఊ. చీకటి గ్రహం దగ్గరపడింది, ఊ. తలుపు తెరుచుకుంది. మొగుడి తలలో వచ్చిన తెల్లవెంట్రుకని చూసి, నౌక నడిపే పిల్ల ఏడవబోయి నవ్వింది.

ఊ కొట్టబోయి ఆగాడు. గుడ్డుసొన ఒలికింది సరిగ్గా అక్కడే. ఆ పేజీలు అతుక్కుపోయి అట్టలా బిగుసుకున్నాయి, వాటిని బ్రెడ్డు కత్తితో కూడా విడదీయలేకపోయాడు. తల తిప్పి చూశాడు. భార్య కళ్ళు మూసుకుని చదువుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏమే, ఆ పేజీ ఎక్కడ చదివావు?"

ఆవిడ కళ్ళు తెరిచి, అట్టలాంటి పేజీని చూసి, నాలుక కరుచుకుంది. చేతిసంచిలోంచి లైబ్రరీ పుస్తకం బయటికి తీసింది.

"వార్డులో అందరూ నిద్రపోయాక ఒక్క పేజీ చూద్దామనుకున్నాను," అంది తలొంచుకుని. "మూడుసార్లు చదివినా రుచించలేదయ్యా. పేజీ పేజీకీ నువ్వు ఊ అంటావని ఆగేదాన్ని."

"నేను చదివినంతా నీ గొంతులోనే వినపడింది."

"అందుకని కాల్చుకు తిన్నావా?"

ఆవిడ లైబ్రరీ పుస్తకంలో మళ్ళీ మొదటి పేజీ తీసింది.

మర్నాడు లైబ్రరీ పుస్తకాన్ని తిరిగిచ్చే పని అతని మీదే పడింది.

"అబ్బ, దొరికిందా! ఎలాగైతేనేం, సాధించారే!" అంది లైబ్రరీ ఆవిడ. "ఆ మహాతల్లి మొగుడు కనపడ్డాడా? ఎలా వేగుతున్నాడట?"

బేకరీవాడు ఊ కొట్టాడు.