అత్తగారి కొట్టానికి పావుమైలు దూరం

అక్టోబరు చివరి శనివారం ఉదయం ఏడు గంటలకు వెర్లిన్ పెటిగ్రూ వేసుకున్న పథకంలో మూడే అంశాలున్నాయి: కాఫీ తాగడం, బావమరిదిని ఓడించడం, మధ్యాహ్నానికల్లా అత్తగారి కొట్టంలో కారు పెట్టి తాళం వేసుకోవడం. ఇండియానా మొక్కజొన్న చేల నడుమ ఉన్న కార్డెల్ పట్టణంలో ఆ ఉదయం అంతకన్నా నిరాడంబరమైన ఆశయంతో నిద్ర లేచినవారు ఉండరు.

ఆ కారు సామాన్యమైనది కాదు. 1970లో పుట్టిన నారింజరంగు మజిల్ కారు. నాలుగువందల పాతిక అశ్వశక్తి. గొంతు విప్పిందంటే పక్కవీధి అలమరల్లో పింగాణీ పళ్ళేలు బదులు పలుకుతాయి. పందొమ్మిదేళ్లుగా అది ఇంటి గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పవళిస్తుంటే, వెర్లిన్ ధర్మపత్ని లొరెట్టా ప్రతి చలికాలమూ వీధిలో నిలబడి తన కారు అద్దం మీది మంచు గీకుకుంటూ వచ్చింది. ఈ ఏడు ఆమె సహనం అడుగంటింది.

"సోమవారంలోగా దానికి ఇంకో చోటు చూసుకో. లేదా పళ్ళడాక్టరొచ్చి కొనుక్కుపోతాడు. ఆయనకి మాటిచ్చేశాను," అని ప్రకటించింది.

మిగిలిన దిక్కు అత్తగారు ఓపల్ హ్యాచర్ పొలంలోని పాత కొట్టం ఒక్కటే. అందులో పైకప్పు కారని చోటు ఒక్క బండికే ఉంది. దాని మీద ఓపల్ కొడుకు డ్వేన్ కూడా కన్నేశాడు. డ్వేన్‌ది ఏడువందల రెండు అశ్వశక్తి గల నల్లని ట్రక్కు. అది చాలదన్నట్టు దాన్ని ఆరంగుళాలు పైకెత్తించి, మనిషి ఛాతీ దాకా వచ్చే చక్రాలు తొడిగించాడు. కారు గొప్పదా, ట్రక్కు గొప్పదా అన్న మీమాంసలో మూడు ఆదివారాల భోజనాలు చల్లారిపోయాక, ఓపల్ గరిటె కింద పెట్టి తీర్పు చెప్పింది.

"నా బంగాళదుంప సలాడ్ మీద తుంపర్లు పడేలా అరవకండ్రా. పోయి పందెంబాట మీద తేల్చుకోండి. గెలిచినవాడు కొట్టంలో పెట్టుకుంటాడు."

కార్డెల్ పందెంబాట ధర్మశాస్త్రం ఒకింత విలక్షణమైనది. తన బండి పావుమైలు ఎన్ని సెకన్లలో పరుగెత్తుతుందో ప్రతివాడూ ముందుగానే తెల్ల బూటుపాలిష్‌తో పక్క అద్దం మీద రాయాలి. ఆ అంకెల తేడాను బట్టి నెమ్మది బండిని ముందు వదులుతారు. ఎవరు ముందు గీత దాటితే వారిది గెలుపు. కానీ రాసినదానికన్నా వేగంగా పరుగెత్తినవాడు ఓడినట్టే. వినయాన్ని ఇంత కఠినంగా శిక్షించే క్రీడ భూమండలంలో మరొకటి లేదు.

వెర్లిన్ కారు కాలం పదమూడు పాయింట్ రెండు సున్నా. ఏళ్ల తరబడి అద్దం మీద అదే అంకె. అయితే రణోత్సాహం ఆ ఉదయం అతణ్ణి కుదురుగా ఉండనివ్వలేదు. వెనక సీటు, అదనపు చక్రం, జాకీ, పనిముట్ల పెట్టె, రెండు ఇసుక బస్తాలు ఒక్కొక్కటే పెరికి వాకిట్లో గుట్ట పోశాడు. మొత్తం మూడువందల పౌండ్లు. చెయ్యి తిరిగినవాడు కనుక లెక్క కట్టి, పాత అంకె చెరిపి, పన్నెండు పాయింట్ తొమ్మిది సున్నా అని రాసి, ఫలహారంగా మెత్తని బిస్కెట్లూ గ్రేవీ తినడానికి లోపలికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే లొరెట్టా బయటికి వచ్చింది. ఖాళీ అయిన కారును చూసింది, గుట్టను చూసింది, ఆమె కళ్ళు చెమర్చాయి. అంతలో ట్రక్కు ఉరుముకుంటూ వచ్చి ఆగింది.

"తమ్ముడూ, మీ బావ మారిపోయాడ్రా! అమ్మెయ్యడానికి తనంతట తనే ఖాళీ చేస్తున్నాడు!"

"పందెం కాకముందే చేతులెత్తేశాడా? పాపం బావ!" అన్నాడు డ్వేన్, పాపమన్న ఛాయ ఎక్కడా లేకుండా.

"ఈ సామానంతా అమ్మ కొట్టంలో పడెయ్యరా."

"ఎక్కించక్కా. పందెం కాగానే నా బండి అక్కడికేగా పోయేది."

"ఇప్పుడు బరువవదూ?"

"ఏడువందల రెండు గుర్రాలక్కా! సోఫాసెట్టున్నా పట్రా."

ట్రక్కు సామానుతో సాగిపోయింది. లొరెట్టా గుండె నిండా కరుణతో గుడ్డ తెచ్చి, డాక్టరుగారికి ముచ్చటగా కనిపించాలని కారు అద్దాలన్నీ తళతళలాడేలా తుడిచింది. తుడిచాక గానీ అంకె గుర్తు రాలేదు. అది చెరిగితే మొగుడు శివాలెత్తుతాడని ఆమెకు తెలుసు. పందొమ్మిదేళ్లుగా చూస్తున్న అంకె, ఆ మాత్రం గుర్తుండదా? పాలిష్ అందుకుని గుండ్రటి అక్షరాలతో పదమూడు పాయింట్ రెండు సున్నా అని రాసింది.

పది గంటలకు రెండు బండ్లూ గీత దగ్గర నిలిచాయి. ఒకటి బుసకొడుతోంది, ఇంకొకటి గర్జిస్తోంది. గ్యాలరీ మెట్ల మీద జనం హాట్‌డాగులు చేత పట్టుకుని లేచి నిలబడ్డారు.

"బావా! డాక్టరు నీ కారులో పళ్ళసెట్లు పెట్టుకుంటాడట!" ట్రక్కు కిటికీలోంచి, అంటే దాదాపు ఆకాశంలోంచి, డ్వేన్ అరిచాడు.

"ఒరే, ముందు నిచ్చెన వేసుకుని కిందికి దిగి మాట్లాడు!"

పచ్చదీపం వెలిగింది. నారింజరంగు కారు ముందుగా ఎగిరింది. వెనక చక్రాల నుంచి పొగ, ముందు దారి తప్ప లోకం లేదు, వెర్లిన్ కంఠంలో తనకే తెలియని ఒక కేక! ట్రక్కు తరుముకొచ్చింది, దగ్గరైంది, అందుకోలేకపోయింది. కారు గీత దాటింది. వెర్లిన్ రెండు పిడికిళ్ళూ ఆకాశానికెత్తాడు.

అప్పుడు మైకు గొంతు సవరించుకుంది. "పెటిగ్రూ రాసింది పదమూడు రెండు సున్నా. పరుగెత్తింది పన్నెండు తొమ్మిది రెండు. హ్యాచర్ రాసినదానికన్నా నెమ్మదే. విజేత హ్యాచర్!"

"నేను రాసింది పన్నెండు తొమ్మిదిరా!" అంటూ వెర్లిన్ కారులోంచి గెంతి పక్క అద్దం చూసుకున్నాడు. గుండ్రటి అక్షరాలు. దస్తూరీ గుర్తుపట్టడానికి పందొమ్మిదేళ్ల కాపురం చాలింది. "లొరెట్టా!"

"చెరిగిపోయిందని మళ్ళీ రాశాను కదా?" అంది ఆమె, మెచ్చుకోలు కోసం చూస్తూ.

ట్రక్కు వెనకభాగంలో తన సీటూ ఇసుక బస్తాలూ కనిపించగానే వెర్లిన్ వాటివైపు వేలు చూపాడు. "అవి లేకపోతే నేనూ రాసినదానికన్నా వేగంగా పోయి ఓడేవాణ్ణే బావా. థాంక్స్," అన్నాడు డ్వేన్.

ఊరేగింపు కొట్టం చేరింది. ఓపల్ తాళం తీసి తలుపులు బార్లా తెరిచింది. జయజయధ్వానాల మధ్య కదిలిన ట్రక్కు, గుమ్మం దగ్గర పైదూలానికి ఠంగున తగిలి ఆగింది. చక్రాల్లో గాలి తీశారు. ఇంకా నాలుగంగుళాలు ఎక్కువ.

"అమ్మా, పైదూలం కొంచెం కోస్తే..."

"నీ తల కోస్తే సరిపోతుందేమో చూడనా? మీ ముత్తాత గుర్రాల కోసం కట్టించిన తలుపురా అది!"

"ముందే చెప్పొచ్చుగా!"

"మూడు వారాలు ఎన్ని గుర్రాలో చెప్పారు. ఎంత ఎత్తో ఒక్కడైనా చెప్పాడా? అల్లుడూ, చూస్తావేం? నీ బండి తోలుకురా."

నారింజరంగు కారు తల వంచకుండానే లోపలికి వెళ్ళింది.

మొదటి మంచు గురువారం పడింది. ఆ ఉదయం వెచ్చని గ్యారేజీలోంచి కారు తీస్తూ లొరెట్టా, పందొమ్మిదేళ్లు అరిగిన తన మంచుగీకుడు చెక్కను తమ్ముడికి బహూకరించింది. దాని అశ్వశక్తి ఎంతో డ్వేన్ ఇంతవరకూ ఎవరితోనూ ప్రస్తావించలేదు.