చెంచాడు రంగు

ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్ళామే. సెప్టిక్ ట్యాంకు మాత్రం ఏడాది తిరక్కుండా నిండిపోతుంది. ఈ సందేహం దర్జీని ఏళ్ళ తరబడి పీడిస్తోంది. దేవుణ్ణి కూడా అడిగాడు. ఆయన ఈ విషయంలో కలగజేసుకోలేదు.

ఆ పొద్దున దణ్ణం పెట్టుకుని, పెళ్ళికొడుకు కోటుకు గుండీలు కుట్టేద్దామని కూర్చున్నాడో లేదో, తనిఖీ అధికారిణి తలుపు తట్టింది.

"వీధి చివర చెరువంతా పాచిపట్టి చేపలు చస్తున్నాయండీ. ట్యాంకుల్లోంచి ఊరే నీరు పాచికి ఎరువవుతోంది. ఎవరి ట్యాంకు కారితే వాళ్ళే సొంత ఖర్చుతో శుద్ధిచేసే ట్యాంకు కట్టించుకోవాలి. కొత్త రూలు. ఈ రంగు ఒక్క చెంచాడు మరుగుదొడ్లో పోస్తే తెలిసిపోతుంది."

దర్జీకి ఒళ్ళు మండింది. కారుతున్న వంటింటి కప్పుకోసం కూడబెట్టింది ఇప్పుడు గోతిపాలా?

"నిప్పులాంటి మనిషిని, నన్ను అనుమానిస్తారా? పక్కిల్లు మా బావమరిదిది. ఇంటినిండా జనం. ముందక్కడ చూడండి!"

"నన్నెందుకు ఇరికిస్తావ్ బావా?" గోడ అవతలనుంచి బావమరిది మొత్తుకున్నాడు.

"తప్పు లేనివాడికి భయమెందుకురా?"

"ఏవండీ, ఊరుకోండి," అంది భార్య వంటింట్లోంచి.

దర్జీ ఊరుకోలేదు. అధికారిణి చేతిలోని డబ్బా లాక్కుని, బావమరిది ఇంట్లో చెంచాడుకు బదులు మొత్తం గుమ్మరించి వచ్చాడు.

మర్నాటికి చెరువు ఎర్రబడింది. ఎవరో నెత్తురన్నారు. పోలీసులొచ్చారు. వాళ్ళ వెనక ఫైరింజను, దాని వెనక వీధి వీధంతా వచ్చింది.

"చూశారా! ఎవడు చేసుకున్న కర్మ వాడు అనుభవించాల్సిందే!" గట్టుమీద నిలబడి దర్జీ కేకపెట్టాడు.

"సరే, మీ ట్యాంకెక్కడ?" అధికారిణి బావమరిదిని అడిగింది.

బావమరిది ఆకాశంకేసి చూశాడు. అతనికసలు ట్యాంకే లేదు. గొట్టం వెంట తవ్వుకుంటూ పోతే అది గోడ కిందనుంచి దూరి తిన్నగా దర్జీ పెరట్లోకి వచ్చింది. అందరి ఎదుటా మూత ఎత్తారు. లోపలంతా ఎరుపు, గోడల నిండా బీటలు.

"ఎవడు కలపమన్నాడ్రా?"

"నేనే," అంది భార్య. "వాడు ఇల్లు కట్టుకున్నప్పుడు మీరు ఊళ్ళో లేరు. ఉన్నది నలుగురితో పంచుకోవాలని రోజూ చెప్పేది మీరేగా! నిన్న ఊరుకోమంటే విన్నారా?"

నోటీసు దర్జీ పేరుమీదే వచ్చింది.

"ఇదేం న్యాయమండీ! పోసింది వాడింట్లో!"

"కారింది మీ ట్యాంకండీ."

సాయంత్రం బావమరిది తలొంచుకుని వచ్చాడు. భుజాన గునపం ఉంది. ఇల్లు కట్టేటప్పుడు దర్జీ ఇంట్లోంచి అరువు తీసుకెళ్ళింది. అడిగినప్పుడల్లా "రేపిస్తా బావా" అనేవాడు.

"ఇదిగో బావా, నీ గునపం. కొత్త ట్యాంకు తవ్వాలిగా, పనికొస్తుంది."

దర్జీ అందుకుని చూశాడు. మొన బాగా అరిగిపోయింది. గోడ కింద నేల గట్టిది మరి.